చుక్కను నమ్మని గన్‌మన్

దుబాయ్‌లో మాలాంటి వాళ్లెవరికీ తుపాకీ పెట్టుకునే వీలు లేదు. అసలు తుపాకీ మాట అటుంచి, అచ్చం దానిలా కనబడే ఆటబొమ్మను కూడా పెట్టెలో పెట్టుకోవద్దని నేను బయలుదేరే ముందు మా అమ్మాయి ఫోన్లో హెచ్చరించింది. డెబ్బయ్యో ఏట మొదటిసారి విమానం ఎక్కుతున్న లెక్కల టీచరు పెట్టెలో ఆటతుపాకీ ఎందుకుంటుందని నేను అడగలేదు. అలాంటి ఊళ్లో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మేమున్న బిల్డింగు కింద, లిఫ్టు ఎదురుగా, దాదాపు ఏడాది పాటు ఒకే ఒక వాదం నడిచింది. ఆత్మరక్షణ కోసం దగ్గర పెట్టుకునే పిస్తోలుకు లేజర్ ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా?

ఆ వాదంలో ఒక పక్షం మా నాతూర్. నాతూర్ అంటే బిల్డింగును చూసుకునే మనిషి. కాపలా, నీళ్ల మోటారు, చెత్త, లిఫ్టులో ఇరుక్కున్న పిల్లలు, అన్నీ అతనివే. మొన్న మంగళవారం అతని ఊరి నుంచి మా అమ్మాయి ఫోనుకు కబురు వచ్చింది. "గన్‌మన్ పోయిండు" అని మాత్రమే ఉంది. పేరు లేదు. ఊళ్లో కూడా అతన్ని అలాగే పిలిచేవారన్న మాట. పేరు నాకు తెలుసు, కాని రాయను. రాస్తే మా బిల్డింగు వాళ్లు ఇంకెవరో అనుకుంటారు.

నేను మూడు నెలలకని వెళ్లింది 2020లో, విమానాలు ఆగిపోవడానికి కాస్త ముందు. కొన్ని వారాలు గడప దాటలేదు. కొంచెం సడలించాక, కరివేపాకు కోసం మొదటిసారి కిందికి దిగాను. తిరిగి వస్తుంటే గాజుతలుపు దగ్గర ఒక మనిషి కాళ్లు ఎడంగా పెట్టి, కుడిచెయ్యి నిటారుగా చాచి, ఎడమ అరచేతిని మణికట్టు కింద ఆన్చి, నా నుదుటికి గురిపెట్టి నిలబడ్డాడు.

"కదలకుండ్రి అమ్మా. గన్ పెడ్తున్న."

అది జ్వరం చూసే యంత్రం. అందరూ దాన్ని గన్ అనేవారు. మిగతా చోట్ల మీట నొక్కగానే నుదుటి మీద ఎర్రచుక్క పడేది. ఇతని గన్‌కు ఆ చుక్క వచ్చే కన్నం మీద నల్లటేపు అంటించి ఉంది. ముప్పైఆరు పాయింట్ నాలుగు అని చదివి, యంత్రాన్ని నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో దోపుకున్నాడు. ఆ దోపుకోవడం చూస్తే, అది జ్వరం చూసే యంత్రమని దానికి ఇంకా ఎవరూ చెప్పలేదేమో అనిపించింది.

"ఆ టేపు ఏంటి?" అన్నాను.

"లేజర్ బంద్ చేసిన. లేజర్ ఉంటే చెయ్యి సోమరైతది."

నా వెనకే వచ్చిన పెద్దమనిషి ఆ మాట విన్నాడు. ఆయనది కాకినాడ. బ్యాంకు మేనేజరుగా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి, నాలాగే ఇరుక్కుపోయాడు. ఆ వాదంలో రెండో పక్షం ఈయనే.

"అదేంటండీ గన్‌మేన్ గారూ! కంపెనీవాడు పెట్టిన చుక్కకి మీరు ప్లాస్టరేసేశారా?"

"సారు, చుక్క కొలుస్తదా జరం?"

"కొలవదనుకోండి. ఎక్కడ కొలుస్తున్నామో తెలుస్తుంది కదండీ."

"నుదురు ఎక్కడున్నదో నాకు ఎర్కే సారు."

దీనికి జవాబు మేనేజరు గారికి మర్నాడు దొరికింది. దాన్ని చెప్పడానికి ఆయన ప్రత్యేకంగా లిఫ్టు దిగి వచ్చాడు. అలా మొదలైంది.

ఆ రోజుల్లో ఆ ఎర్రచుక్క మెదడును తినేస్తుందని ఫోన్లలో ఒక పుకారు తిరిగేది. జనం నుదురు దాచుకుని మణికట్లు చాపేవారు. మూడో అంతస్తులో ఒకాయన ఏకంగా మోచెయ్యి చూపించేవాడు. "లేజర్‌తోని మెదడు పోతదంటే మా సేటుకు ఎన్నడో పోవాలె," అనేవాడు గన్‌మన్. ఒక్క క్షణం ఆలోచించి, "పోయిందేమో గుడ," అనేవాడు.

సేటు అంటే జగిత్యాల దగ్గర ఒక పెద్ద కాంట్రాక్టరు. రైసుమిల్లు కూడా ఉండేది. బెదిరింపు ఉత్తరాలు రావడంతో లైసెన్సు పిస్తోలు తీసుకున్నాడు. దాన్ని మోసే మనిషిగా ఇతన్ని పెట్టుకున్నాడు. ఇతను గన్‌మన్ అయింది అలాగట. అక్కడ పదకొండేళ్లు చేశానన్నాడు. అంతకుముందు లారీ మీద పదిహేడేళ్లు, బీడీ కంపెనీలో పదమూడు, తరవాత మస్కట్లో తొమ్మిది, దుబాయ్‌లో పదహారు. అన్నీ కూడి చూశాను. పుట్టినరోజునే బీడీ కంపెనీలో చేరాడనుకున్నా, లెక్క అతని అరవై రెండేళ్ల వయసును నాలుగేళ్లు దాటింది.

"తమ్మీ, ఇది కుదరదు," అన్నాను.

"దినానికి పన్నెండు గంటల డ్యూటీ పంతులమ్మా. ఎనిమిది గంటల లెక్కన మీరే ఇప్పి చూడుండ్రి."

విప్పి చూశాను. లెక్క ఇంకా పెరిగింది. అతనికి చెప్పలేదు.

పిస్తోలు లేజర్ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. గొట్టం కింద అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగిస్తారు. మీట నొక్కితే ఎర్రచుక్క ఎదుటివాడి మీద పడుతుంది. చుక్క ఉన్న చోటికే గుండు పోతుందని కొనేవాళ్ల నమ్మకం. సేటు బొంబాయిలో ఎవరి దగ్గరో అలాంటిది తెప్పించాడట. ఒక సాయంత్రం మిల్లులో కరెంటు పోయింది. బస్తాల వెనక చప్పుడైంది. గన్‌మన్ పిస్తోలు తీశాడు.

"చుక్క ఏదని ఎతుకుతున్న. గోడ మీద లేదు, బస్తాల మీద లేదు, తలుపు మీద లేదు. చప్పుడేమో దగ్గరికొస్తున్నది. ఆకర్కి జూస్తే ఎక్కడున్నది? మా సేటు పొట్ట మీద. ఆయన రెండు చేతులు లేపి నిలవడ్డడు. 'నేనేరా, నీ జీతమిచ్చెటోన్ని' అంటున్నడు."

"మరి చప్పుడు?"

"పందికొక్కు."

వేరే రోజుల్లో చెప్పినప్పుడు అది దొంగ అయింది. ఒకసారి సేటు బావమరిది అయ్యాడు. పొట్ట మాత్రం ఎప్పుడూ మారలేదు. అందుకే ఆ భాగం నిజమని లెక్కవేసుకున్నాను.

అతని అలవాట్లు కొన్ని ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. లిఫ్టు వస్తే ముందు తను తొంగిచూసి, లోపల ఎవరూ లేరని తేల్చుకుని, ఆ తరవాతే మనల్ని ఎక్కనిచ్చేవాడు. ఒకసారి లోపల ఉన్నది మా అమ్మాయే. ఆమెను కూడా రెండుసార్లు పరీక్షగా చూసి, "ఓకే, పోవచ్చు" అన్నాడు. రోడ్డు దాటి కిరాణాకొట్టుకు వెళ్తే ఒక అడుగు వెనక, కొంచెం ఎడమవైపు నడిచేవాడు. కరివేపాకు కట్టను మోస్తానని ఎప్పుడూ అనలేదు. టీ ఎడమచేత్తో తాగేవాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉండేది.

"ఆ చేతికి ఏమైంది?" అని మేనేజరు గారు ఒకసారి అడిగాడు.

"ఏం గాలే సారు. గన్‌మన్ కుడిచెయ్యి ఖాళీగుండాలె."

"జేబులో ఉంటే ఖాళీ ఎలా అవుతుందండీ?"

"దాసి పెట్టిన. ఎదుటోనికి కానరాద్దు."

మనుషుల ముఖాలు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. దానివల్ల ఒక లాభం కలిగింది. అందరూ మాస్కులు కట్టుకుని ఒకరినొకరు పోల్చుకోలేక తికమకపడుతున్న కాలంలో, బిల్డింగు మొత్తంలో ఎవరినీ పొరబడని మనిషి అతనొక్కడే. "మీరు సుద్దముక్క పట్టిన చెయ్యి," అన్నాడు నాతో. అప్పటి నుంచే పంతులమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు.

వాదం మాత్రం రోజూ సాగేది. మేనేజరు గారు యూట్యూబులో అమెరికావాళ్లు పిస్తోళ్లు పేల్చే వీడియోలు చూసి, నోట్లోనే మననం చేసుకుంటూ దిగేవాడు.

"చుక్క గుండెల మీద పడిందనుకోండి, సగం మంది దొంగలు అక్కడికక్కడే దణ్ణం పెట్టేస్తారండి. కాల్చక్కర్లేదు."

"దండం పెట్టెటోడు దొంగతనానికే రాడు సారు."

"చీకట్లో గురి ఎలా చూస్తారు మీరు?"

"చీకట్ల చుక్క ఏస్తే వాడు నాకు కనవడుడు గాదు, నేనే వానికి కనవడ్త. ఇగో ఈడున్న, రా అని దీపం వెట్టి చూపిచ్చినట్టు."

"మా బ్రాంచిలో గార్డు ఇరవయ్యేళ్లు తుపాకీ పట్టుకు కూచున్నాడండి. ఒక్క దొంగ రాలేదు."

"లేజర్ ఉండెనా?"

"లేదు."

"ఇగ? లేకున్నా నడిచింది గద."

"ఉన్నా నడిచేదే కదండీ!"

ఈ ఘట్టం దగ్గర ఇద్దరూ నా వైపు తిరిగేవారు. తీర్పు చెప్పే పని ఎవరూ ఇవ్వకుండానే నాకు వచ్చిపడింది. నాకు వచ్చిన సందేహం ఒక్కటే, దాన్ని అడిగాను. "కళ్లద్దాలు లేకపోతే నాకు పిస్తోలు మీద గురి చూసుకునే ముల్లు కనబడదు. చుక్కయితే దొంగ మీదే పడుతుంది. దూరంగా ఉన్నది నాకు బాగానే కనబడుతుంది. మావంటి ముసలివాళ్లకు ఉపయోగమే కదా?"

గన్‌మన్ నా కళ్లద్దాల వైపు చూశాడు. "గది ఒక్కటి నిజమే," అన్నాడు. తరవాత అన్నాడు: "కని దొంగొచ్చినప్పుడు అద్దాలు మీ మొకం మీదనే ఉంటయి గద?"

"నిద్రపోతుంటే వస్తే?"

"నిద్రల ఒస్తే ముందు పిస్తోలు ఎక్కడున్నదో ఎతుకుండ్రి. చుక్క సంగతి తర్వాత."

మాటలతో తేలదని పరీక్ష పెట్టింది మేనేజరు గారే. డేరా అనే బజారు పేటలో ఎవరితోనో చెప్పి, పిల్లుల్ని ఆడించే లేజర్ ఒకటి తెప్పించాడు. వేలెడంత ఉంటుంది. దాన్ని శానిటైజరు చల్లే సీసాకు రబ్బరుబ్యాండ్లతో బిగించాడు. మీట నొక్కితే నీళ్లు కొట్టే సీసా అది. గన్‌మన్‌కు లేజర్ లేని సీసా. ఉత్తరాల పెట్టెల మీద రెండు టిష్యూ కాగితాలు అంటించాం. ఆరడుగుల దూరం, నేనే టేపు పెట్టి కొలిచాను. చేతులు కిందికి దించి ఉండాలి. నేను మూడు అనగానే ఎత్తి కొట్టాలి. అప్పటికింకా శుక్రవారమే సెలవు. శుక్రవారం పొద్దున ఎండ గాజుతలుపులోంచి లోపలి దాకా పరుచుకుని ఉంది.

"ఒకటి, రెండు, మూడు," అన్నాను.

"ఏదండీ చుక్క? ఎక్కడండీ? ఆన్ అయిందా అసలు?" అంటూ మేనేజరు గారు సీసాను తిప్పి తన ముఖం వైపు పెట్టుకున్నాడు.

"కళ్లల్లోకి చూడకండి!" అన్నాను.

అప్పటికే గన్‌మన్ కాగితం తడిసి కింద పడింది. ఎండలో చుక్క ఉన్నా లేనట్టే.

"ఎండ వల్లండీ. ఇది లెక్కలోకి రాదు," అన్నాడు మేనేజరు గారు.

"దుబాయ్‌ల ఎండ లేంది ఎప్పుడు సారు?"

సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక, దీపాలార్పి మళ్లీ పెట్టాం. ఈసారి చుక్క వెళ్లి కాగితం నడిమధ్యన బొట్టులా కూర్చుంది. మేనేజరు గారు తాపీగా కొట్టి గెలిచాడు. గన్‌మన్ నీళ్లు మంటలార్పే సిలిండరు మీద పడ్డాయి. చెరొకటి అయింది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. కాని గన్‌మన్‌కు తన మాట రుజువు చెయ్యాలనిపించింది.

"ఇప్పుడు నేనే దొంగను. చుక్క ఏడికెల్లి ఒస్తున్నదో చూసి గాడికే కొడ్త. పంతులమ్మా, లెక్కవెట్టుండ్రి."

పెట్టాను. నేను మూడు అనడం, గన్‌మన్ సీసాలోని నీళ్లు మేనేజరు గారి కళ్లద్దాల మీద పడడం, ఆయన వెనక్కి తూలడం, చుక్క గోడలన్నీ తిరిగి లిఫ్టు వైపు మళ్లడం, లిఫ్టు తెరుచుకోవడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. లోపల కొత్తగా దిగిన కుర్రాడున్నాడు. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాడు. అతని ఛాతీ మీద ఎర్రచుక్క ఉంది. ఎదురుగా అంతా చీకటి. ఆ చీకట్లోంచి గన్‌మన్ గొంతు గట్టిగా వినిపించింది:

"కొట్టిన! సక్కగ నెత్తికి తాకింది! సారు ఖలాస్!"

కుర్రాడు మారుమాట లేకుండా బటన్ నొక్కాడు. లిఫ్టు మూసుకుంది.

అతను విజయవాడవాడు. అదే కొంప ముంచింది. తెలుగు రానివాడైతే ఏదో ఆట అనుకుని పోయేవాడు.

తరవాతి బుధవారం బిల్డింగు మేనేజ్‌మెంటు ఆఫీసు నుంచి ముదీర్ వచ్చాడు. ముదీర్ అంటే వాళ్ల మేనేజరు. నలభై దాటిన ఈజిప్టు మనిషి. మర్యాదస్తుడే. బాగా అలిసిపోయి ఉన్నాడు. మెట్ల కింద గన్‌మన్ ఉండే గదిలోనే విచారణ పెట్టాడు. మేనేజరు గారిని సాక్షిగా, నన్ను భాష కోసం పిలిచారు. గన్‌మన్ హిందీ ముదీర్‌కు సగమే తెలిసేది, ముదీర్ ఇంగ్లీషు గన్‌మన్‌కు అసలు తెలియదు.

ముదీర్ నన్ను మామా అని పిలిచాడు. అరబ్బీవాళ్లు పెద్దావిడను గౌరవంగా అలా అంటారట. గన్‌మన్ ఆ ఆందోళనలో కూడా నా చెవి దగ్గరికి వంగి, "మిమ్ముల మామ అంటుండేంది?" అన్నాడు.

కుర్రాడు రాసిన ఫిర్యాదును ముదీర్ చదివి వినిపించాడు. చీకటి హాలులో ఆయుధాలు ధరించిన ఇద్దరు వృద్ధులున్నారని, లేజర్ తుపాకీతో తన గుండెకు గురిపెట్టారని, ఒకరిని తలమీద కొట్టి చంపినట్టు ప్రకటించారని, ఒక వృద్ధ మహిళ ఆదేశాలిస్తున్నదని అందులో ఉంది.

"నేను ఆదేశాలివ్వలేదు. ఒకటి నుంచి మూడు వరకు లెక్కపెట్టాను. అది దిద్దండి," అన్నాను.

"మామా, ప్లీజ్," అన్నాడు ముదీర్.

సంగతి చిన్నది కాదని అప్పుడు చెప్పాడు. అది సీసా అని అతనికి తెలుసు. గదిలోకి రాగానే చూశాడు, వాసన కూడా చూశాడు. కాని ఫిర్యాదులో తుపాకీ అన్న మాట ఉంది. ఆ మాట ఉన్న కాగితం మీద ఏదో ఒకటి రాసి మూసెయ్యాలి. పైగా గన్‌మన్ వీసా వచ్చే నెల రెన్యువల్‌కు ఉంది. ముసలి నాతూర్ల బదులు కెమెరాలు పెడదామని ఆఫీసు ముందునుంచే అనుకుంటున్నది. బిల్డింగు మొత్తం ఇతన్ని గన్‌మన్ అంటుందని కూడా ఎవరో వాళ్లకు చెప్పారు. అందుకని ఒక్క వాక్యం చాలు: ఈ మనిషి గన్‌మన్ కాడు, ఎప్పుడూ ఆయుధం పట్టలేదు, దాని గురించి ఇతనికి ఏమీ తెలియదు. కింద సంతకం. వీసా స్టాంపు పడుతుంది.

తెలుగులో చెప్పాను. గన్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"పదకొండేండ్లు మోసిన. ఎట్ల లేదంట?"

"బోలో, నై మాలూమ్," అన్నాడు ముదీర్ స్వయంగా, వచ్చిన హిందీలో. "నై మాలూమ్ బోలో, ఖలాస్."

"మాలూమ్ హై," అన్నాడు గన్‌మన్. "ఆప్ లిఖో, మాలూమ్ హై."

ముదీర్ కళ్లు మూసుకున్నాడు. మేనేజరు గారు గన్‌మన్ భుజం పట్టుకున్నాడు. "ఏవండీ, అనెయ్యండీ. మాటేగా? నా వల్ల వచ్చింది ఇదంతా. నా మాట విని అనెయ్యండి."

అక్కడ అతనికి ఏం పోతుందో మా ఇద్దరికీ తెలుసు. భార్య పోయి చాలాకాలమైంది. ఉన్నది ఒక్క కొడుకు. జబల్ అలీ వైపు ఒక కంపెనీలో ఫిట్టరు. శుక్రవారం శుక్రవారం బస్సులు మారి వచ్చి, ఈ గదిలో తండ్రి వండింది తిని, సాయంత్రం దాకా నిద్రపోయి వెళ్లేవాడు. గన్‌మన్ వారమంతా ఎదురుచూసేది దానికోసమే. వీసా పోతే కొడుకు ఇక్కడ, ఇతను ఊళ్లో.

"కొడుకుతోని కూసోని తింటున్న సారు," అన్నాడు మేనేజరు గారితో. "ఊరికి పోతే గోడతోని కూసోని తినాలె. నాకు ఎర్కలేదా? కని గన్‌మన్‌ని కాదని రాసినంక, వాని ముంగట ఏ మొకంతోని కూసుంట? చిన్నప్పటి సంది వానికి చెప్పుకున్నది గదొక్కటే."

ఇతను ఏమంటున్నాడని ముదీర్ నన్ను అడిగాడు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. అతను నుదురు రుద్దుకున్నాడు. కనీసం ఇది నీళ్లు చల్లే సీసా అని చూపించే ఫోటో ఒకటి పెడతాను, ఆ రోజు ఎలా పట్టుకున్నారో పట్టుకొమ్మనండి అన్నాడు. బల్ల మీద ఉన్న సీసాను ముందుకు జరిపాడు. అది మేనేజరు గారి సీసా. లేజర్ ఇంకా దానికే ఉంది.

గన్‌మన్ కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. కాళ్లు ఎడం చేశాడు. చెయ్యి చాచి మీట నొక్కాడు.

ఆ గదికి కిటికీ లేదు. చుక్క ఎదుటి గోడ మీద పడింది. పడి, నిలబడలేదు. మేకుకు వేలాడుతున్న యూనిఫాం మీది నుంచి స్విచ్చుబోర్డు మీదికి, అక్కడి నుంచి క్యాలెండరు మీదికి, మళ్లీ యూనిఫాం మీదికి, దీపం చుట్టూ తిరిగే పురుగులా కొట్టుకుంది. అతను ఎడమ అరచేతిని మణికట్టు కింద పెట్టాడు. కొంచెం తగ్గింది. ఆగలేదు. పళ్లు బిగించాడు. చుక్క ఇంకా ఎక్కువైంది.

ఏడాదిగా ఆ చేతిని చూస్తున్నాను. అంత వణుకు ఉందని నాకు తెలియదు. ఒట్టి కంటికి అది తెలిసేంత పెద్దది కాదు. ఇక్కడ చెయ్యి వెంట్రుకవాసి కదిలితే అక్కడ గోడ మీద చుక్క జానెడు కదులుతుంది. జ్వరం చూసే యంత్రానికి టేపు ఎందుకు వేశాడో ఇంక ఎవరూ అడగాల్సిన పని లేదు.

ముదీర్ ఫోటో తీయలేదు. ఫోను జేబులో పెట్టుకుని, లేచి, గన్‌మన్ చేతిలోంచి సీసాను మెల్లగా తీసుకున్నాడు. కాగితం మీద రెండు పంక్తులు రాశాడు. ఇది చాలు, వీసా ఆగదని చెప్పి, సంతకానికి ముందు అది అతనికి చదివి వినిపించమని నాకు ఇచ్చాడు.

చదివాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. "వస్తువు నీళ్లు చల్లే సీసా. ఈ మనిషికి వయసు మీదపడి చెయ్యి వణుకుతున్నది. ఇతని వల్ల ఎవరికీ ప్రమాదం లేదు."

గన్‌మన్ కాసేపు గోడ వైపు చూశాడు. అక్కడ చుక్క లేదు.

"గన్‌మన్‌ని కాదని రాసిండా?"

"రాయలేదు."

"ఎన్నడు పిస్తోలు పట్టలేదని?"

"అదీ రాయలేదు."

"మల్లొకసారి సదువుండ్రి."

మళ్లీ చదివాను. అప్పుడు కలం తీసుకుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని సంతకం పెట్టాడు. ముదీర్ ఇక వెళ్తానన్నట్టు యల్లా అని బయలుదేరి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి గుండెల మీద చెయ్యి వేసి వంగాడు. నాకు కాదు, గన్‌మన్‌కు.

గదిలో ముగ్గురం మిగిలాం. మేనేజరు గారు అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏడాది పాటు రోజూ లిఫ్టు దిగివచ్చి వాదించిన మనిషి.

"గన్‌మేన్ గారూ, మీరన్నదే రైటండి. ఆత్మరక్షణకి లేజర్ ఎందుకూ పనికిరాదు. ఒప్పేసుకుంటున్నాను."

"ఎట్ల పనికిరాదు సారు?" అన్నాడు గన్‌మన్. "గంట సంది నేను ఏం జెప్పినా ముదీర్ ఇన్నడా? చుక్క చెప్తే ఇన్నడు."

అతను స్టవ్వు దగ్గరికి వెళ్లి డబ్బాలు కదిపి, బియ్యం ఎన్ని ఉన్నాయో చూశాడు.

"ఎల్లుండి శుక్రారం. మా పోరడు ఒస్తడు," అన్నాడు. "మీరిద్దరు గుడ ఈడనే తినుండ్రి."